పొగ పేరు మీద తీసుకున్న పన్నులో మా పెద్దవాళ్ల వాటా ఏది? జీఎస్టీ కౌన్సిల్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి, జీఎస్టీ కౌన్సిల్‌లో సభ్యులైన రాష్ట్రాల మంత్రులందరికీ, ముఖ్యంగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ తరఫున అక్కడ కూర్చునే పెద్దలకు,

నమస్కారం.

నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు వేసే పని చేస్తాను. మా బాపు బొగ్గు బాయిలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. మాది బొగ్గు బెల్ట్‌లో ఒక ఊరు. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క ప్లాంటు మీద ఫిర్యాదు కాదు. రామగుండం, పాల్వంచ, మణుగూరు, అటు ఇబ్రహీంపట్నం, పరవాడ, ముద్దనూరు, ఎక్కడికి పోయినా పొగగొట్టాల పక్కన ముసలితనం గడుపుతున్నవాళ్లు కనిపిస్తారు. వాళ్లందరి తరఫున మాట్లాడే హోదా నాకు లేదు. మా ఇంట్లో ఉన్న ఇద్దరి తరఫున మాత్రం మాట్లాడగలను.

2025 సెప్టెంబర్ మూడో వారంలో మా ఆఫీసులో తల ఎత్తే తీరిక లేదు. 22వ తేదీ నుంచి కొత్త రేట్లు. ఆలోపు క్లయింట్లందరి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మార్చేయాలి. సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు 18 నుంచి 5కి తగ్గాయి. పెద్ద టీవీలు 28 నుంచి 18కి వచ్చాయి. జనం సంతోషపడ్డారు, నేనూ సంతోషపడ్డాను. మా క్లయింట్లలో ఒక బొగ్గు వ్యాపారి ఉన్నాడు. అతని పేజీ తెరిస్తే, బొగ్గు, జీఎస్టీ 5 శాతం, దాని కింద సెస్సు, అంటే ఒక ప్రత్యేక అవసరం పేరు చెప్పి వేసే అదనపు పన్ను, టన్నుకు 400 రూపాయలు. 5 తీసి 18 పెట్టాను. 400 తీసి సున్నా పెట్టాను. సేవ్ కొట్టాను. రెండు నిమిషాల పని.

ఆ 400 ఎందుకు పుట్టిందో, ఎలా పెరిగిందో, ఎటు పోయిందో ఈ పనిలో ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఆ రాత్రి ఇంటికి పోయేసరికి బాపు మంచం అంచున కూర్చుని, రెండు చేతులు మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి ఊపిరి గుంజుకుంటున్నాడు. "దమ్ము పట్టింది బిడ్డా" అన్న మూడు మాటలు అనడానికి రెండు సార్లు ఆగాడు. నేను సున్నా చేసి వచ్చిన అంకెకూ, బాపు దమ్ముకూ ఉన్న సంబంధం మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

బాపుకు 74 ఏళ్లు. రెండు పూటలా పీల్చే మందు వాడాలి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో గోలీ పెట్టి తిప్పితే అది విడిపోతుంది, అందులోని పొడిని నోటితో గట్టిగా లోపలికి పీల్చాలి. పీల్చేటప్పుడు గోలీ పెంకు గిరగిరా తిరిగి చిన్న చప్పుడు చేస్తుంది. అంత బలంగా పీలిస్తేనే ఆ చప్పుడు వస్తుంది. ఈ చలికాలం కొన్ని పొద్దుల్లో ఆ చప్పుడు రాలేదు. పీల్చడం అయ్యాక బాపు డబ్బా విప్పి, పెంకును కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తాడు. అడుగున కొంచెం పొడి మిగిలితే మళ్లీ పెట్టుకుని పీలుస్తాడు. నెలకు మందులన్నీ కలిపి 1,400 రూపాయలు అవుతాయి. ఆయన పెన్షన్ 2,900. రెండు పూటల మందును ఒక పూటకు తగ్గించి, నెల సరుకును రెండు నెలలు నడిపాడు, నాకు చెప్పకుండా. ఖాళీ అట్టలు లెక్కపెడితే తెలిసింది.

బాయి దుమ్ము వల్ల వచ్చిందమ్మా, బీడీల వల్ల వచ్చిందమ్మా, దానికి పన్నులతో పనేంటి అని మీరు అడగవచ్చు. బాపు బీడీలు తాగాడు, 50 ఏళ్లు దాటేదాకా తాగాడు. బాయిలో దుమ్ము కూడా తిన్నాడు. అందులో దాచేది ఏమీ లేదు. కానీ అమ్మ బీడీ ముట్టలేదు, బాయి దిగలేదు. మా చిన్నప్పుడు ఇంట్లో బొగ్గుల పొయ్యి ఉండేది. పొద్దున్నే వాకిట్లో రాజేసి, నల్ల పొగ పోయేదాకా అట్టముక్కతో విసిరి, అప్పుడు లోపలికి తెచ్చేది. గ్యాసు వచ్చి చాలా ఏళ్లయింది. ఇప్పుడు అమ్మ వండేటప్పుడు పొగ లేదు. కానీ మిద్దె మీద ఉంది. ఎండాకాలం వడియాలు పెట్టినప్పుడు పాత చీర పరిచి, వాటి మీద ఇంకో పలుచటి చీర కప్పుతుంది. సాయంత్రం పై చీర ఎత్తి దులిపితే బూడిద రంగు దుమ్ము రాలుతుంది. తులసి ఆకును వేలితో రాస్తే వేలికి అంటుకుంటుంది. కంటికి కనిపించేది ఇది. అమ్మకు ఇప్పుడు మిద్దె మెట్లు పదహారు ఎక్కడానికి ఎనిమిదో మెట్టు దగ్గర ఒకసారి, పైకి పోయాక ఒకసారి కూర్చోవాలి.

కంటికి కనిపించని దాని సంగతి డాక్టర్లు చెప్తారు. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా లేని సన్నటి ధూళి, పీఎం 2.5 అంటారు, ముక్కులో ఆగదు, గొంతులో ఆగదు. ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతుంది, అక్కడి నుంచి కొంత రక్తంలో కలుస్తుంది. అందుకే అది దగ్గుతో ఆగకుండా గుండెపోటు దాకా, పక్షవాతం దాకా తీసుకుపోతుంది. పడుచు వయసులో ఊపిరితిత్తులకు కొంత అదనపు బలం ఉంటుంది, ఒక భాగం దెబ్బతిన్నా మిగతాది లాక్కొస్తుంది. వయసు మీద పడ్డాక ఆ అదనం ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఏడాది సగటు పీఎం 2.5 ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదంది. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు 40. గాలి కాలుష్యం వల్ల 2019లో మన దేశంలో 16.7 లక్షల మంది చనిపోయారని ద లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా చెప్తోంది. అమెరికాలో 65 దాటినవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా రికార్డులు తీసి, గాలి ఏ వైపు నుంచి వీచిన రోజు ఎంత ధూళి వచ్చింది, ఆ తర్వాత మూడు రోజుల్లో ఎంతమంది చనిపోయారు అని లెక్కలు కట్టారు. ఒక్క రోజు ధూళి పెరిగినా మరణాలు పెరిగాయని తేలింది. మా ఊళ్లో పెద్దవాళ్లకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. ప్లాంటు వైపు నుంచి గాలి మళ్లిన రోజు ఎవరింట్లో నెబ్యులైజర్ మోగుతుందో వీధిలో అందరికీ తెలుసు.

ఇక డబ్బు సంగతికి వస్తాను.

2010 బడ్జెట్‌లో ప్రణబ్ ముఖర్జీ గారు బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు పెట్టారు. కలుషితం చేసేవాడే ఖర్చు భరించాలన్నది దాని వెనకున్న మాట. ఆ డబ్బుతో నేషనల్ క్లీన్ ఎనర్జీ ఫండ్ పెడతామన్నారు. 2014లో అరుణ్ జైట్లీ గారు దాన్ని 100 చేశారు, 2015లో 200, 2016లో 400. ఆ ఏడాదే పేరు కూడా మార్చారు, స్వచ్ఛ పర్యావరణ సెస్సు అని. పేరు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. 2010-11 నుంచి 2017-18 దాకా ఆ సెస్సు కింద వసూలైంది 86,440 కోట్లు. అందులో ఫండ్‌కు బదిలీ అయింది 29,645 కోట్లు. ప్రాజెక్టులకు ఇచ్చింది 15,911 కోట్లు. ఇవి మీ శాఖ లెక్కలే. వంద రూపాయలు వసూలైతే అనుకున్న పనికి చేరింది 18 రూపాయలు. ఆ 18 రూపాయలు కూడా ఎక్కువగా శుభ్రమైన కరెంటు ప్రాజెక్టులకు పోయాయి. సోలార్ వద్దని నేను అనను, రేపటి పిల్లలకు అది కావాలి. కానీ నిన్నటి పొగ ఇప్పటికే పీల్చేసినవాళ్లు ఆ పద్దులో ఎక్కడా లేరు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. స్వచ్ఛ పర్యావరణ సెస్సు పోయి, అదే 400 కాంపెన్సేషన్ సెస్సుగా మారింది. అంటే రాష్ట్రాలకు తగ్గిన పన్ను ఆదాయాన్ని పూడ్చే డబ్బు. కోవిడ్ తర్వాత అది రాష్ట్రాల కోసం తెచ్చిన అప్పు తీర్చడానికి పోయింది. రాష్ట్రాలకు డబ్బు కావాలి, అప్పు తీర్చాలి, అదంతా నాకు అర్థమవుతుంది. బిల్లులో అంకె మారలేదు కాబట్టి మా వ్యాపారి కూడా తేడా గమనించలేదు. కానీ ఆ రోజు నుంచి బొగ్గు పొగ పేరు మీద కేంద్రం తీసుకునే పన్ను లేకుండా పోయింది. పన్ను మిగిలింది, పొగ అన్న మాట పోయింది. చివరికి 2025 సెప్టెంబర్ 3న మీ 56వ సమావేశంలో ఆ 400 కూడా పోయింది.

దాని బదులు 18 శాతం పెట్టాం కదా అంటారు. దయచేసి ఈ లెక్క ఒక్కసారి చూడండి. టన్ను 600 రూపాయల నాసిరకం బొగ్గు తీసుకుందాం. పాత పద్ధతిలో 5 శాతం అంటే 30, సెస్సు 400, మొత్తం 430. కొత్త పద్ధతిలో 18 శాతం అంటే 108. తగ్గింది 322 రూపాయలు. ఇప్పుడు టన్ను 3,000 రూపాయల మంచి బొగ్గు. పాత పన్ను 150, 400 కలిపి 550. కొత్త పన్ను 540. తగ్గింది 10 రూపాయలు. బొగ్గు శాఖ కూడా ఇదే చెప్పింది. జీ6 నుంచి జీ17 దాకా (అంకె పెరిగే కొద్దీ నాసిరకం) గ్రేడును బట్టి టన్నుకు 13.40 నుంచి 329.61 రూపాయల దాకా పన్ను భారం తగ్గుతుందని. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. గ్రేడు దిగే కొద్దీ వేడి తగ్గుతుంది, అదే యూనిట్ కరెంటుకు ఎక్కువ టన్నులు కాల్చాలి. అంటే ఎక్కువ బూడిద మిగిల్చే బొగ్గుకు ఎక్కువ రాయితీ దొరికింది. ధర చూడకుండా అన్ని రకాలకూ ఒకటే సెస్సు వేయడం నాసిరకం బొగ్గుకు భారమైందన్న వాదన నేను విన్నాను. వ్యాపారం లెక్కలో అది సబబుగానే కనిపిస్తుంది. పొగ లెక్కలో మాత్రం ఆ భారం ఉండాల్సిన చోటే ఉంది.

ఇంకో సంగతి ఉంది. ఇది రిటర్నులు వేసేవాళ్లకు వెంటనే తడుతుంది, బయటివాళ్లకు తట్టదు. కరెంటు మీద జీఎస్టీ లేదు కాబట్టి కరెంటు ప్లాంటుకు బొగ్గు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. కానీ సిమెంటు, స్టీలు ఫ్యాక్టరీలకు వస్తుంది. వాళ్లు తమ సరుకు మీద జీఎస్టీ కడతారు కాబట్టి బొగ్గు మీద కట్టిన 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి, తీసేసుకుంటారు. పాత 400 సెస్సు అలా తీసుకునేది కాదు. సెస్సు క్రెడిట్‌ను సెస్సు కట్టడానికే వాడాలి, సిమెంటు మీద సెస్సు లేదు. అందుకని ఆ 400 నిజంగా వాళ్ల జేబులోంచి పోయేది. ఇప్పుడు ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాల్చే బొగ్గు మీద పన్ను భారం దాదాపు సున్నా. హుజూర్‌నగర్, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీల పక్కన బతికే ముసలివాళ్లకు ఈ క్రెడిట్ లెడ్జర్ సంగతి ఎవరు చెప్తారు?

అదే ఏడాది జూలైలో ఇంకో నిర్ణయం వచ్చింది. థర్మల్ ప్లాంట్లు సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టే పరికరాలు పెట్టాలని 2015 డిసెంబర్‌లో చెప్పారు. గడువు మొదట 2017. ఆ తర్వాత మళ్లీ మళ్లీ పొడిగించారు. 2025 జూలై 11న దేశంలోని నాలుగింట మూడొంతులకు పైగా యూనిట్లకు ఆ బాధ్యతే తీసేశారు. సల్ఫర్ గాలిలో హద్దు లోపలే ఉందన్నారు. కానీ గొట్టంలోంచి వాయువుగా వెళ్లిన సల్ఫర్ దారిలో సన్నటి ధూళిగా మారుతుంది, అది పీఎం 2.5 లెక్కలోకి వస్తుంది. పది లక్షల జనాభా ఉన్న నగరానికి పది కిలోమీటర్ల లోపు ప్లాంటు ఉంటే పరికరం తప్పనిసరి, 2027 చివరిదాకా గడువు. మా ఊరి జనాభా పది లక్షలు కాదు. జూలైలో పరికరం పోయింది, సెప్టెంబర్‌లో సెస్సు పోయింది. వేరు వేరు శాఖలు తీసుకున్న నిర్ణయాలే కావచ్చు, రెండూ వచ్చి పడింది ఒకే మనిషి ఛాతీ మీద.

ఈ పన్ను మార్పు వల్ల కరెంటు తయారీ ఖర్చు యూనిట్‌కు 17, 18 పైసలు తగ్గుతుందని ప్రకటించారు. నేను ఆ లాభాన్ని మా ఇంటికి లెక్కేశాను. ఆయాసం ముదిరినవాళ్లకు డాక్టర్లు రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకోమంటారు. మా వీధి చివర ఇంట్లో పెద్దాయనకు అలాంటి మెషీన్ ఉంది, బాపుకు కూడా త్వరలో అవసరం పడొచ్చని డాక్టర్ చెప్పాడు. ఐదు లీటర్ల మెషీన్ 350 వాట్లు తీసుకుంటే నెలకు 150 యూనిట్ల పైనే. ఆ 18 పైసలు పూర్తిగా బిల్లు దాకా వచ్చాయనుకున్నా, దాని మీద మిగిలేది 27, 28 రూపాయలు. బాపు మందు 1,400. చవక బొగ్గు వల్ల మా ఇంటికి వచ్చే లాభం అంత, నష్టం ఇంత.

పన్ను ఎత్తేయాలని నేను అనడం లేదు, ఉండాలంటున్నాను. సరిగ్గా వేస్తే పన్ను ముసలివాళ్ల ప్రాణం కాపాడుతుందనడానికి రుజువులున్నాయి. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో 2003 నుంచి 2008 దాకా వేసవి నెలల్లో ప్లాంట్లు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లకు హద్దు పెట్టి, ఎక్కువ వదలాలంటే పర్మిట్లు కొనుక్కోవాలన్నారు. ఆర్థికవేత్తలు తర్వాత లెక్కపెడితే ఏడాదికి 80 కోట్ల డాలర్ల మందుల ఖర్చు తగ్గింది, దక్కిన ప్రాణాల్లో ఎక్కువ 75 దాటినవాళ్లవి. స్వీడన్ 1992లోనే గొట్టంలోంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లకు కిలో లెక్కన సుంకం వేసి, ఆ డబ్బును తక్కువ పొగతో ఎక్కువ కరెంటు, వేడి తీసిన ప్లాంట్లకే తిరిగి ఇచ్చింది. చైనా 2018 జనవరి 1 నుంచి పర్యావరణ పన్ను చట్టం తెచ్చింది. హద్దు కన్నా 30 శాతం తక్కువ వదిలితే పన్నులో పావు వంతు మాఫీ, సగానికి తగ్గిస్తే సగం మాఫీ. మన దేశంలోనే సూరత్‌లో 2019 నుంచి గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి ఫ్యాక్టరీల ధూళికి పర్మిట్ల మార్కెట్ నడిపింది. ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. వీటన్నిటిలో డబ్బు అడిగింది గొట్టంలోంచి బయటికి వచ్చిన దాన్ని బట్టి. మనం అడుగుతున్నది బొగ్గు ధరను బట్టి. గొట్టానికి ఆన్‌లైన్ మీటర్లు పెట్టమని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే చెప్పింది. మీటర్లు ఉన్నప్పుడు వాటి రీడింగ్ మీద బిల్లు వేయడానికి అడ్డమేంటి?

ఒక భయం కూడా చెప్పాలి. పన్ను పెంచి ఊరుకుంటే అది కరెంటు బిల్లు రూపంలో మళ్లీ ఇదే ముసలివాళ్ల మీద పడుతుంది. ఖర్చు పెరిగిందని సిలిండర్ వారం దాచుకుని కట్టెల పొయ్యి వెలిగించే అవ్వలు మా వాడలో ఇప్పటికీ ఉన్నారు. అందుకే పన్ను రేటు ఎంత అన్నదాని కన్నా ఆ డబ్బు ఎవరి దగ్గరికి తిరిగి వస్తుంది అన్నది నాకు పెద్ద ప్రశ్న.

ఆయుష్మాన్ భారత్ ఉంది కదా అంటారేమో. 2024 అక్టోబర్ నుంచి 70 నిండిన పెద్దలందరికీ, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం అన్నారు. మంచి పని, బాపుకు కార్డు తీయించాను. కానీ ఆ కార్డు ఆసుపత్రిలో అడ్మిట్ అయితేనే పనికొస్తుంది. ఆయాసం రోగికి కావాల్సింది అడ్మిట్ కాకుండా ఉండటం. నెల నెలా పీల్చే మందు, ఏడాదికోసారి ఊపిరి ఊది చూసే పరీక్ష, ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా, ఊపిరి వ్యాయామాలు నేర్పే మనిషి. ఇవి ఆ కార్డులో లేవు. మా దగ్గరి సర్కారు దవాఖానకు పీల్చే మందు కోసం ఆరు నెలల్లో నాలుగు సార్లు పోయాను, మూడు సార్లు స్టాక్ లేదు. మందు అందక దమ్ము ముదిరి, ఐసీయూలో పడితే అప్పుడు ప్రభుత్వమే వేలకు వేలు కడుతుంది. ఆడిటర్ ఆఫీసులో పనిచేసేదాన్ని, ఈ ఖర్చు పద్ధతి నా బుర్రకు ఎక్కడం లేదు.

నేను అడిగేవి ఇవి. బొగ్గు ధరతో సంబంధం లేకుండా, క్రెడిట్ కింద వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా, గొట్టంలోంచి వచ్చే పొగను బట్టి ఒక సుంకం పెట్టండి. ఏ చట్టం కింద, ఏ పద్దు కింద అన్నది మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ డబ్బులో ఒక వాటాను ప్లాంట్ల చుట్టూ, గనుల చుట్టూ ఉండే 60 దాటినవాళ్ల ఊపిరితిత్తుల కోసం అని చట్టంలోనే రాసి పెట్టండి. ఆ వాటా ఏ అప్పుకూ, ఏ లోటుకూ మళ్లకూడదు. 2010 నుంచి జరిగింది చూశాక ఈ ఒక్క మాట మీద నేను గట్టిగా నిలబడతాను. ఆక్సిజన్ మెషీన్ మీద బతికే ఇంటికి ఆ మెషీన్ తీసుకునే కరెంటు ఉచితంగా ఇవ్వండి.

తెలంగాణ, ఆంధ్ర మంత్రులకు విడిగా ఒక మాట. కేంద్రం కోసం ఆగనక్కర్లేని దారులు మీకు రెండున్నాయి. గనుల కంపెనీలు కట్టే డబ్బుతో నడిచే జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి 2015 నుంచి ఉంది. ఆ నిధిలో ఎక్కువ భాగం ఖర్చు పెట్టాల్సిన పనుల జాబితాలో వైద్యం ఉంది, కాలుష్య నియంత్రణ ఉంది, వృద్ధుల సంక్షేమం అని పేరు పెట్టి మరీ ఉంది. బొగ్గు జిల్లాల కలెక్టర్లను పిలిచి, ఈ మూడింటినీ కలిపి పీల్చే మందుకు ఎంత పెట్టారో అడగండి. రెండోది, 2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని తేల్చింది. ఆ అధికారంతో పన్ను వేసే రోజు వస్తే, బిల్లులో మొదటి పద్దు గని చుట్టూ దమ్ముతో కూర్చున్న మనిషిది కావాలి. సింగరేణిలో 51 శాతం వాటా తెలంగాణది, 49 శాతం కేంద్రానిది. బొగ్గు తవ్వినప్పుడు లాభంలో, అమ్మినప్పుడు పన్నులో, రెండు చోట్లా మీ ఇద్దరికీ వాటా ఉంది. తవ్వినవాళ్లు, కాల్చిన పొగ పీల్చినవాళ్లు ఇప్పుడు 70, 80 ఏళ్ల వయసులో ఉన్నారు. వాళ్లకు పదేళ్ల ప్రణాళికలు పనికిరావు. వచ్చే బడ్జెట్‌లో ఉంటే ఉన్నట్టు.

ఈ ఉత్తరం రాస్తున్నానని బాపుకు చెప్పాను. ఏం రాస్తున్నావని అడిగాడు. చదివి వినిపించాను. బీడీల సంగతి తీసెయ్యమంటాడేమో అనుకున్నాను, తీసెయ్యమనలేదు. సూరత్ దగ్గర ఆపి, "మన దగ్గర ఎందుకు పెట్టరట?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే తెలుగులో రాసి పంపండి. కండ్లద్దాలు పెట్టుకుని తనే చదువుకుంటాడు.

ఇట్లు,
ఒక బొగ్గు కార్మికుని కూతురు